ఎండకు నిలిపిన బండి

మమ్మల్ని చూసిన ప్రతివాళ్లదీ ఒకటే మాట. "అమ్మా, బండి జర నీడకు పెట్టుండ్రి." లక్సెట్టిపేటలో టీ కొట్టు అతను అన్నాడు, గోదావరి ఒడ్డున చేపలమ్మే ఆమె అన్నది. పెట్రోలు బంకులో గాలి కొట్టే ముసలాయనైతే తానే ముందు నడిచి వేపచెట్టు కింద జాగా చూపించాడు. వాళ్ల తప్పేమీ లేదు. లోపల ముక్కుకు గొట్టం పెట్టుకుని ఒక మనిషి పడుకుని ఉంటే, కట్టుకున్నది బండిని తెచ్చి నడి ఎండలో నిలబెట్టిస్తుంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? "నీడ వద్దు, ఎండే కావాలె" అని చెప్పి చెప్పి నా నోరెండింది. మొదటి ఇద్దరికీ వివరంగా చెప్పాను. మూడో ఆయన మీద అరిచాను.

సంగతేమిటంటే, మా ఆయన సీమోను ముప్పై ఏళ్లు శ్రీరాంపూర్‌లో బొగ్గు బావి దిగినవాడు. దుమ్ము సగం, బీడీలు సగం కలిసి ఊపిరితిత్తులను తినేశాయి. రెండేళ్లుగా ఆక్సిజన్ మిషన్ మీద బతుకుతున్నాడు. గాలిలోంచి ఆక్సిజన్ వడబోసి గొట్టంలోకి పంపే పెట్టె అది. కరెంటు ఉన్నంతసేపు బుస్సు టక్కు, బుస్సు టక్కు అంటూ ఉంటుంది, కరెంటు పోతే నోరు మూసుకుంటుంది. ఇంట్లో ప్లగ్గు ఉన్న గోడ ఒకటి, దాని పక్కన మంచం, మంచం మీద ఆయన, మంచం పక్కన స్టూలు మీద నేను. ఇరవై ఎనిమిదేళ్లు క్రైస్తవ మిషనరీ దవాఖానలో నర్సుగా చేశాను. రోగిని ఎలా చూసుకోవాలో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. వేళకు మందు, వేళకు జావ, గంటకోసారి వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ అంకె చూసి నోటుబుక్కులో రాయడం. తొంభై పైన ఉంటే నేనూ ఊపిరి పీల్చుకుంటాను.

ఆయన మాత్రం ఊరుకునే రకం కాదు. "ముప్పై ఏండ్లు భూమి కిందున్న. రెండేండ్ల సంది గోడ పక్కకున్న. ఇగ ఎండ ఎప్పుడు సూస్త?" పొద్దున లేస్తే ఇదే పాట. మా తమ్ముడు వెస్లీ ఆ పాటకు తాళం వేశాడు. వాడు మంచిర్యాల చుట్టుపక్కల సోలారు లైట్లు, పంపులు బిగించే పని చేస్తాడు. పాత స్కూలు వ్యాను ఒకటి చవకగా దొరికితే తెచ్చి, సీట్లు పీకి మంచం వేశాడు. వెనక అద్దం మీద "నిదానం, పిల్లలున్నారు" అన్న అక్షరాలు మాత్రం ఎంత గీకినా పోలేదు. కప్పు మీద మూడు సోలారు పలకలు పరిచాడు. మంచం కింద రెండు పెద్ద బ్యాటరీలు, పక్కన ఇన్వర్టరు, తలుపు మీద బ్యాటరీల వోల్టులు చూపే ఎర్ర అంకెల మీటరు. పగలంతా పలకలు ఎండ తాగి బ్యాటరీలు నింపాలి, రాత్రంతా మిషన్ ఆ బ్యాటరీలను తాగాలి. అంతే లెక్క. ఎండ కాచినంతే ఆయనకు ఊపిరి.

"ఇంజను నుంచి గూడ ఒక తీగ లాగుత బావా, బండి నడిస్తే సుత నిండుతయి. పది రోజులాగు" అన్నాడు వెస్లీ.

"నా కాడ పది రోజులున్నయో లేవో నీకెర్కేనా?" అన్నాడు ఈయన. ఆ మాటకు ఎదురు చెప్పేదెవరు?

నేను ఒక్క షరతు పెట్టాను. మీటరు పన్నెండుకు దిగిందంటే ఎక్కడున్నా సరే, బండి వెనక్కి తిరగాలి. మళ్లీ జన్మలో బయలుదేరే ముచ్చట తీయకూడదు. సీమోను చెయ్యెత్తి సరేనన్నాడు. వెస్లీ కూడా ఒప్పుకున్నాడు. అదనంగా చిన్న సిలిండరు ఒకటి పెట్టుకున్నాను. ఆపదకు రెండు గంటలు వస్తుంది.

మొదటి రోజు గోదావరి ఒడ్డునే గడిచింది. కరీంనగర్‌లో ఉన్న మా బిడ్డ మూడుసార్లు ఫోన్ చేసి మూడుసార్లూ నన్నే తిట్టింది. సీమోను తలుపు దగ్గర కూర్చుని సాయంత్రం దాకా నీళ్లను చూశాడు. నేను మీటరు చూస్తూ కూర్చున్నాను. పదమూడు పాయింట్ ఆరు. నీళ్లు కూడా చూశాననుకోండి, మీటరు మాత్రం ఎంతసేపని చూస్తాం. టీ కొట్టు అతను రెండోసారి టీ తెచ్చిస్తే గట్టు మీద కూర్చుని తాగాను. నాకైతే ఈ తిరుగుళ్ల మీద మనసు లేదు, ఆయన కోసమే వచ్చానని అతనికి చెప్పాను. అతను అడగలేదు, అయినా చెప్పాను.

రెండో రోజు తెల్లారకముందే వెస్లీ బండి తీశాడు. రాత్రంతా మిషన్ తాగగా మీటరు పన్నెండున్నరకు దిగింది. ఎండ పడితే మళ్లీ నిండుతుంది. కానీ కొండలెక్కాక ఎండ ఎక్కడ? జైనూర్ దాటిన తర్వాత రోడ్డుకు ఇరుపక్కలా టేకు చెట్లే. చల్లగా, అందంగా ఉన్నాయి, నాకు వాటిని చూస్తే ఒళ్లు మండిపోయింది. "జాగ సూడు తమ్మీ, జాగ సూడు" అని వాడి వీపు వెనక నిలబడి గంటసేపు సతాయించాను. ఒకచోట ఆపితే పలకల మీద కొమ్మ నీడ. ఇంకోచోట ఆపితే ఎదురుగా గుట్ట నీడ. మూడు పలకలనూ ఒకే వరసలో కలిపాడట, ఒక్కదాని మీద నీడ పడ్డా మిగతా రెండూ దానితో పాటే పడకేస్తాయట. డోలీ మోసేవాళ్లలో ఒకడు కూలబడితే రెండోవాడు ఏం నడుస్తాడు? తొమ్మిదిన్నరకు ఒక చిన్న పల్లె వచ్చింది. ముప్పై ఇళ్లు ఉంటాయేమో. ఎత్తయిన మట్టిదిబ్బ మీద రేకుల గుడి, మీద శిలువ. దిబ్బ కింద చెట్టన్నది లేని మైదానం. దేవుడు మా కోసమే ఊడ్చి పెట్టినట్టుంది. దిబ్బకు ఆనించి బండి ఆపించాను.

ఆపగానే జనం మూగారు. ఆ రోజు వాళ్ల పంట పండుగ. ఏటా మొదటి కోత కోసినది తెచ్చి దేవుని ముందు పెట్టి, పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక పంచుకుంటారు. మేమూ మెథడిస్టు సంఘం వాళ్లమేనని తెలిసేసరికి మమ్మల్ని ఇక కదలనిస్తారా? సంఘానికి పెద్ద దిక్కు బుచ్చవ్వ అనే ముసలామె. డెబ్బై ఏళ్లుంటాయి, వెన్ను వంగింది గానీ గొంతు వంగలేదు.

"బండి గా సింతసెట్టు కిందికి తీసుకోండ్రి బిడ్డా. మీ ఆయన ఉడికిపోతడు" అన్నది.

"వద్దవ్వా, ఎండే కావాలె."

"గిదేం రోగమే తల్లీ, ఎండ తాగే రోగం!" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

గాలివానకు స్తంభం ఒరిగి నాలుగు రోజులుగా ఊళ్లో కరెంటు లేదని చెప్పారు. మాకెందుకు ఫికర్? నెత్తి మీద మాకు మా సూర్యుడున్నాడు. అయ్యగారు ఎనిమిది ఊళ్లకు ఒక్కడే, పదకొండుకల్లా వస్తాడన్నారు. వెస్లీ వాగుకు స్నానానికి పోయాడు. ఆడవాళ్లు గుడి వెనక పొయ్యిలు పెట్టారు, ఉల్లిగడ్డలు కోయడానికి మనిషి తక్కువైందని నన్ను లాక్కుపోయారు. పోయేముందు సీమోను వేలికి క్లిప్పు పెట్టి చూశాను. తొంభై రెండు. మీటరు పన్నెండు పాయింట్ ఏడు, ఎక్కుతున్నది. నిశ్చింతగా పోయాను. రెండేళ్లలో నలుగురు ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉల్లిగడ్డలు కోసింది అదే మొదటిసారి.

పన్నెండున్నరకు కింది దారిన బండి దగ్గరికి వచ్చి చూద్దును కదా, మీటరు పన్నెండు పాయింట్ నాలుగు.

కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. ఉల్లిఘాటు కాదు, అంకె అదే. ఎండేమో మాడు పగలగొడుతున్నది. ఈ వేళకు పద్నాలుగు దగ్గర ఉండాలి. వెస్లీని కేకేశాను. వాడు తడి జుట్టుతోనే వచ్చి, పలకల నుంచి కరెంటు వచ్చే డబ్బాను చూసి, మొహం మాడ్చుకున్నాడు.

"ఏం వస్తలేదక్కా. పొద్దు మునిగినంక సూపిచ్చినట్టు సూపిస్తుంది. డబ్బనే ఖరాబైనట్టుంది."

"అయితే ఇప్పు! సూసుకుంట నిలబడ్డవేంది?"

విప్పాడు. తీగలు పీకి గీకి మళ్లీ పెట్టాడు. ఫ్యూజు మార్చాడు. బ్యాటరీల నట్లు వదులు చేసి తుడిచాడు. నేను వాడి నెత్తి మీద నిలబడి రెండు నిమిషాలకోసారి "అయిందా? అయిందా?" అంటున్నాను. వాడు బిగించిన తీగనే మళ్లీ పీకుతున్నాడు. వాడు పని తెలిసినవాడే, కానీ పక్కన నాలాంటిది ఉంటే ఎవడి పనైనా చెడుతుంది. సీమోను మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. ఒకటిన్నర, రెండు, రెండున్నర. పన్నెండు పాయింట్ రెండు. సంచిలో ఉన్న పాత డబ్బా తీసి బిగించాడు, అదీ అదే పాట పాడింది. అయ్యగారు ఇంకా రాలేదు, ఆయన ఫోనుకు సిగ్నలు లేదు. పైన గుడి దగ్గర జనం పాటలు పాడుతూ ఎదురుచూస్తున్నారు. కింద అక్కాతమ్ముళ్లం మేం కొట్టుకునే దాకా వచ్చాం.

మా గోల విని బుచ్చవ్వ కర్ర పొడుచుకుంటూ దిగి వచ్చింది. "ఏమైంది బిడ్డా, గంత పరేషానున్నరు? పంట పదిలమే కద?"

"ఏం పంటవ్వా?"

"మీ బండి మీదిది."

నాకు అర్థం కాలేదు. వెస్లీకి అర్థమైంది. చేతిలోని స్క్రూడ్రైవరు కింద పడేసి దిబ్బ మీదికి పరుగెత్తాడు. వాడి వెనక నేను. దిబ్బ అంచున నిలబడితే బండి కప్పు నడుమెత్తులో ఉంటుంది. ఆ కప్పు నిండా ఈ చివర నుంచి ఆ చివరకు కొత్త తెల్లబట్ట పరిచి ఉంది. బట్ట మీద మక్క కంకులు, వరి పనలు, పత్తి, కందికాయ, గుమ్మడికాయలు. ఇల్లిల్లూ తెచ్చి పెట్టింది. పలకల మీద ఎండ పడే సందు గోరంత లేదు. మేము మీటరు చూసుకుంటూ కింద కూర్చున్నాం. ఇద్దరిలో ఒక్కరికైనా పైకి చూడాలని తోచలేదు.

"పోయినేడు గుడి ముంగట పెడితే అయ్యగారచ్చేదాక మేకలు సగం తిన్నయి బిడ్డా" అన్నది బుచ్చవ్వ, ఆయాసపడుతూ వెనకే ఎక్కి వచ్చి. "గీ యేడు మీ బండి కప్పు సాఫుగ, ఎత్తుగ కనపడ్డది. దేవుడే తోలిండనుకున్నం. మీ ఆయన్ను అడిగే పెట్టినం. పెట్టుకోండ్రి అవ్వా అన్నడు."

నా చెవులను నేను నమ్మలేదు. కానీ అప్పుడు ఆ విచారణకు సమయం ఎక్కడ? మూడు దాటింది, కార్తీకం పొద్దు ఎంతసేపుంటుంది? గబుక్కున గుమ్మడికాయ మీద చెయ్యి వేశాను. పాట ఆగిపోయింది. గోపాల్ అని, సంఘంలో డప్పు కొట్టే మనిషి, నా చేతికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, తప్పుగ అనుకోకు. ఒక్కపారి దేవునికి పెట్టినంక ప్రార్థన గానిది ఎత్తరాదు. మా తాతల నాటి సంది గంతే."

"గా పలకల తోనే మా ఆయన ఊపిరి పీలుస్తుండయ్యా!" అని అరిచాను. అందరూ నన్నూ, బండినీ మార్చి మార్చి చూశారు. అప్పటిదాకా వాళ్లకు ఆ అద్దాలకూ ఆ మనిషికీ ఉన్న సంబంధమే తెలియదు. చెప్పిందెవరు గనక? ఎండే కావాలె అన్నాను గానీ ఎందుకో చెప్పే ఓపిక నాకు పొద్దుననే అయిపోయింది.

బుచ్చవ్వ గోపాల్ చెయ్యి తీసేసింది. "ప్రార్థన గావాలె, గంతే కద? అయ్యగారు లేకుంటె దేవుడు ఇనడా? నేను జేస్త" అని కళ్లు మూసుకుంది.

అందరూ తలలు వంచారు. నేనూ వంచాను. బుచ్చవ్వ జన్మలో పదిమంది ముందు ప్రార్థన చేయలేదట, చేసే అవకాశం ఇప్పుడొచ్చింది. ముందు ఆకాశాన్నీ భూమినీ చేసినందుకు స్తోత్రం చెప్పింది. వానలకు చెప్పింది. వాగుకు చెప్పింది. తర్వాత పంట తెచ్చిన ఇళ్ల పేర్లు ఎత్తుకుంది. ఒక్కొక్క ఇల్లు, ఆ ఇంట్లో ఒక్కొక్క మనిషి, ఆ మనిషి మోకాలి నొప్పి, ఆమె కోడలి కానుపు. ముప్పై ఇళ్లు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. నా నీడ పొడుగ్గా దిబ్బ మీద పాకుతున్నది. ఏడో ఇల్లు, ఎనిమిదో ఇల్లు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగింది.

"ఆమేన్!" అన్నాను, గొంతు చించుకుని.

అలవాటు ఎంత చెడ్డదో. మైదానమంతా "ఆమేన్" అన్నది. బుచ్చవ్వ కూడా అనేసింది. అని, కళ్లు తెరిచి నన్ను చూసింది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది, కానీ చేతులు ఆగలేదు. ఆమే మొదటి పన ఎత్తింది. ఇక అందరూ కలిసి పది నిమిషాల్లో కప్పు ఖాళీ చేశారు. మీటరు పన్నెండు పాయింట్ నాలుగు దాకా ఎక్కింది, అక్కడే నిలబడింది. పొద్దు వాలిపోతున్నది.

"రాత్రికి సాలదక్కా" అన్నాడు వెస్లీ మెల్లగా. "జైనూర్ దవాఖానకు పోదాం. ఆడ కరెంటుంటది."

బండిలోకి ఎక్కి సీమోను ఎదురుగా నిలబడ్డాను. ఆయన ఇటు తిరిగే పడుకుని ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాడు.

"పంట పెట్టుకోమన్నది నువ్వేనా?"

"నేనే."

"పలకల మీద నీడ పడితే ఏమైతదో ఎర్క లేదా?"

"ఎందుకెర్క లేదు?"

"మూడు గంటలు మేమిద్దరం సత్తుంటె సూసుకుంట పన్నవా? నోట్లె మాట లేదా?"

ఆయన కొంచెం గాలి కూడబెట్టుకున్నాడు. మాట్లాడాలంటే ఆయనకు ముందు పోగు చేసుకోవాలి. "చెప్తే పోయి పారేస్తవ్. అవ్వకు మాటిచ్చిన. గంటసేపే కద అనుకున్న, పదకొండుకు అయ్యగారస్తడన్నరు." మళ్లీ ఆగాడు. "గామె వచ్చి నన్నడిగింది, క్యాతీ. కొడుకా, నీ బండి మీద పెట్టుకుందుమా అని. నన్ను. రెండేండ్ల సంది నన్నెవ్వరన్న ఏమన్న అడిగిండ్రా? డాక్టరొచ్చి నిన్నడుగుతడు, తింటుండా, పంటుండా అని. బిడ్డ ఫోన్ జేసి నిన్నడుగుతది. నేనాన్నే ఉంట. ఇయ్యాల ఒకామె నా కాడికొచ్చి ఇది ఇస్తవా అంటె, లేదని ఎట్లంటనే?"

నాకు కోపం ఇంకా ఎక్కువైంది. "నీ దాతృత్వం సల్లగుండ, నీ ఊపిరి మీద పెట్టుకున్నవా దుకాణం?" అని తిట్టాను. వెస్లీని బండి తీయమన్నాను. షరతు గుర్తుందా అని కూడా అన్నాను. గుర్తుందన్నట్టు తలూపాడు.

పల్లె దాటి ఘాట్ రోడ్డు దిగుతుంటే చీకటి పడుతున్నది. ఒక గుంతలో బండి ఎగిరి పడింది. మిషన్ ఆగిపోయింది. బుస్సు లేదు, టక్కు లేదు. మీటరులో అంకెలే లేవు. వెస్లీ హడావుడిలో బ్యాటరీ నట్టు సరిగా బిగించలేదు. బిగించనివ్వంది నేనే. వాడు బండి ఆపి మంచం కిందికి దూరాడు. నేను సిలిండరు తిప్పాను. పాడు తాళం జారింది, రెండోసారికి తిరిగింది. ఆ కాస్త సేపటికే సీమోను పెదవులు నేరేడు రంగుకు వచ్చాయి. వేలికి క్లిప్పు పెడితే ఎనభై రెండు. ఎంతమందికి చేసిన పని, నా చేతులే నాకు పరాయిగా అనిపించాయి. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. బొగ్గు పెళ్లలు కూలుతుంటే కూడా భయపడలేదని చెప్పుకునే మనిషి, గోళ్లు దిగేలా పట్టుకున్నాడు. గాలి గొట్టంలోకి వచ్చాక కూడా వదల్లేదు. జైనూర్ సర్కారు దవాఖాన గేటు కనిపించే దాకా వదల్లేదు.

అక్కడి వాళ్లు మంచివాళ్లు. మంచమిచ్చారు, ప్లగ్గు ఇచ్చారు, సిలిండరు మార్చి ఇచ్చారు. పొద్దునకు తొంభై మూడుకు వచ్చాడు. డ్యూటీ డాక్టరు పిల్లవాడు చూసి, పోవచ్చన్నాడు, అదీ నాతోనే అన్నాడు. వెస్లీ రాత్రి నిద్రపోలేదు. షాపు తెరిపించి తీగ తెచ్చి, ఇంజను నుంచి బ్యాటరీలకు లాగేశాడు. ప్రతి నట్టూ రెండుసార్లు బిగించి నాకు చూపించాడు. బండి దవాఖాన ఆవరణలో ఎండకు నిలబడి ఉంది. మీటరు పదమూడు దాటింది. సీమోనును మెల్లగా నడిపించుకుంటూ తెచ్చి బండిలో కూర్చోబెట్టాం.

"అక్కా, ఇగ శ్రీరాంపూరే కద?" అన్నాడు వెస్లీ, నా వైపు చూస్తూ.

నేను సీమోను వైపు తిరిగాను. రాత్రంతా ఆయన మాటే నన్ను పొడుస్తున్నది. "ఏడికి పోదామయ్యా? నువ్వు చెప్పు" అన్నాను.

ఆయన ఏమంటాడో నాకు తెలుసు. ముందుకే అంటాడు, ఆదిలాబాద్ దాకా పోదాం, జలపాతాలు చూద్దాం అంటాడు. నేను నాలుగు తిట్లు తిట్టి, షరతు గుర్తుచేసి, చివరకు సరే అనాలి. సరే అనే మాట నోట్లో సిద్ధంగా పెట్టుకుని ఉన్నాను.

"ఇంటికి" అన్నాడు.

"ఏంది?"

"ఇంటికే పోదాం. రాత్రి బుగులైందే నాకు. సచ్చిపోత అనుకున్న." కళ్లు దించుకున్నాడు. "గోడ పక్కకే మంచిగుంటది."

గెలిచింది నేనే కదా. షరతు నాది, మాట నెగ్గింది నాది. సంతోషించాలి. కానీ ఆ గది కళ్ల ముందు కనబడింది. గోడ, మంచం, స్టూలు, నోటుబుక్కు. గంటకో అంకె. కూరగాయలకు పోయినా కరెంటు పోతుందేమోనని పరుగెత్తి రావడం. ఆదివారం గుడిలో సగం ప్రసంగంలో లేచి రావడం. ఆ గోడకు కట్టేసి ఉన్నది ఆయనొక్కడే అనుకుంటూ వచ్చాను రెండేళ్లు. ఈ మూడు రోజులూ ఆయన కోసమే వచ్చానని నాకు నేను చెప్పుకున్నాను, టీ కొట్టువాడికి కూడా అదే అబద్ధం చెప్పాను. ఇంటికి పోవడం నాకు ఇష్టం లేదు. ఏ కోశానా ఇష్టం లేదు.

"నన్నడుగు!" అన్నాను. అంత గట్టిగా అంటానని నాకూ తెలియదు. వరండాలో ఉన్నవాళ్లు తలలు తిప్పారు. "నిన్నెవ్వరు అడగలేదని ఏడ్చినవ్. నన్నెవరడిగిండ్రు? నువ్వడిగినవా? ఒక్కనాడన్న అడిగినవా?"

సీమోను తలెత్తి నన్ను చూశాడు. మిషన్ బుస్సు టక్కు అంటూనే ఉంది. గాలి పోగు చేసుకున్నాడు.

"నీకేడికి పోవాల్నని ఉన్నదే, క్యాతీ?"

పెళ్లయి ముప్పై ఆరేళ్లు. అడిగించుకోవడమైతే అడిగించుకున్నాను గానీ, చెబుదామంటే ఒక్క ఊరి పేరూ రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. వెస్లీ తాళంచెవి చేత్తో పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

"తెల్వది" అన్నాను చివరకు. "గనీ ఇంటికైతే వద్దు."

ఆయనకు భయం పోలేదు, మొహంలో తెలుస్తూనే ఉంది. అయినా కాళ్లు ముడుచుకుని మంచం మీద నాకు జాగా చేశాడు.

"గట్లయితె ఇటొచ్చి కూసో" అన్నాడు. "ఈడికెల్లి తొవ్వ మంచిగ కనపడ్తది."